మూడు పళ్ళ గవ్వ

కూర్మనాథం మాస్టారి చేతికి ఏ గవ్వ ఇచ్చినా ముందు దాని చీటీ మీద బొటనవేలు ఆనించేవారు, పేరు కనబడకుండా. ఆ తర్వాతే గవ్వ వంక చూసేవారు. తల ఎంత ఎత్తుంది, భుజం గుండ్రంగా ఉందా, గట్టు కట్టినట్టుందా, నోరు పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పుందా, గోటితో గీస్తే ఎలాంటి చప్పుడొస్తోంది, ఇవన్నీ అయ్యాక అరచేతిలో పెట్టుకుని కాసేపు బరువు చూసేవారు. అప్పుడు పేరు చెప్పి, వేలు తీసి, చీటీతో సరిపోయిందో లేదో చూసుకునేవారు. "పేరు ఎక్కడికీ పారిపోదురా, దాన్ని చివర పిలుద్దాం" అనేవారు మాతో. ముప్ఫై ఏళ్ళు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరై, భీమిలిలో సముద్రానికి రెండు వీధుల ఇవతల ఇల్లు కట్టుకున్నాక కూడా ఆ అలవాటు పోలేదు. బజారులో వంకాయలు కూడా ఇలాగే కొంటారనీ, తెచ్చేసరికి పొయ్యి మీద అన్నం కూడా చల్లారిపోతుందనీ మాస్టారి భార్య అమ్మగారు చెప్పుకుని నవ్వేవారు.

నేను ఆయన శిష్యుల్లో ఆఖరివాణ్ణి. వయసులో కాదు, మార్కుల్లో. నా పేరు పరదేశి. ఆయన దగ్గర మూడేళ్ళు చదివి, చదివినదంతా అక్కడే వదిలేసి, రైల్వేలో టిక్కెట్లివ్వడానికి వెళ్ళిపోయాను. ఉద్యోగం అయిపోయాక మళ్ళీ ఆ ఊరే చేరి, కాఫీ వేళకి రోజూ ఆయన వరండాలో హాజరు వేయించుకుంటున్నాను. నన్ను శిష్యుడి కింద లెక్కవేస్తారో లేదో ఎప్పుడూ అడగలేదు. అడిగితే చెప్పేస్తారేమోనని భయం.

మాస్టారికి శంకు నత్తలంటే ప్రాణం. తెలియనివారి కోసం ఒక్క మాట. వేడి సముద్రాల్లో రాళ్ళ సందుల్లోనూ ఇసుక కిందా బతికే నత్త అది. దాని గుల్ల పైన వెడల్పుగా, కింద సన్నగా, శనగలు పోసిచ్చే కాగితం పొట్లంలా ఉంటుంది. దాని మీది చుక్కలూ వలలూ మెరుపు గీతలూ చూస్తే చీరలు నేసేవాళ్ళు కూడా మగ్గం ఆపి చూడాల్సిందే. లోపలుండే ప్రాణి మాత్రం మంచిది కాదు. సూదిలాంటి కోరతో విషం గుచ్చుతుంది, కొన్ని జాతులైతే మనిషి ప్రాణమే తీస్తాయి. అందుకే మాస్టారు చెప్పే మొదటి పాఠం, బతికున్న శంకును చేత్తో ముట్టుకోవద్దని. రెండో పాఠం, బతికున్నప్పుడు దాని అందం కనబడదని. గుల్లంతా గోధుమరంగు తోలు ఒకటి కప్పి ఉంటుంది. అది ఊడితేనే అసలు బొమ్మ బయటపడుతుంది. ఈ రెండు పాఠాలూ నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. మూడోది ఏమిటో గుర్తులేదు.

హైమవతి ఆయన శిష్యురాళ్ళలో ఆఖరిది. ఈమె వయసులో ఆఖరు, మార్కుల్లో మొదలు. యూనివర్సిటీలో పరిశోధన చేస్తూ, శంకుల సంగతి తేల్చుకోవాల్సి వచ్చినప్పుడల్లా బస్సెక్కి మాస్టారి దగ్గరికి వచ్చేది. నాలుగేళ్ళు పడవల వెంట తిరిగి, ఎండకి మాడి, మన తీరంలో దొరికే శంకులన్నిటికీ పట్టిక రాసింది. అన్నీ అందరికీ తెలిసినవే. "కొత్తదేమైనా ఉందా?" అని కమిటీవాళ్ళు రెండుసార్లు అడిగారు. మూడోసారి అడగలేదు. ఈ నెలాఖరుతో ఫెలోషిప్ ఆపేస్తున్నామని ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం చదివి పిల్ల మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదని అమ్మగారు నాతో అన్నారు.

అలాంటి హైమ ఒక ఆదివారం ఉదయం నవ్వు మొహంతో గేటు తీసుకుని వచ్చింది. సంచిలోంచి దూదిలో చుట్టిన గవ్వ ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. బొటనవేలంత శంకు. తేనెరంగు ఒంటి మీద రెండు ఊదా పట్టీలు. చుక్కల్లేవు, వలల్లేవు. అన్నిటికన్నా వింత, నోటి లోపలి అంచున వరసగా మూడు సన్నని పళ్ళు. శంకులకి అక్కడ పళ్ళుండవని నాకు కూడా తెలుసు, ఇక మీరే ఆలోచించండి.

"ఇది ఏ పుస్తకంలోనూ లేదు మాస్టారూ. ఇరవై బారల లోతులో వలలో పడింది. వల విప్పేటప్పుడు నేను పక్కనే ఉన్నాను" అంది.

గవ్వ పక్కనే ఒక కాగితాల కట్ట పెట్టింది. ఆ జాతిని మొదటిసారి లోకానికి పరిచయం చేస్తూ తను రాసిన వ్యాసం. పై పేజీలో పెద్ద అక్షరాలతో పేరు, కోనస్ కూర్మనాథి, అంటే కూర్మనాథం శంకు.

మాస్టారు ఆ పేరు చదివారు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివారు. "ఎందుకమ్మా ఇదంతా" అన్నారు గానీ, ఆ మాటలో వద్దన్న ధ్వని ఎక్కడా లేదు. గురువు పేరు ఒక ప్రాణికి పెడితే, మనిషి పోయినా ఆ పేరు పుస్తకాల్లో ఉంటుంది. డెబ్భై ఆరేళ్ళ మనిషికి అదేం చిన్న సంగతి కాదు. నాకే కళ్ళు చెమర్చాయి.

"శుక్రవారం లోపల పంపించాలి మాస్టారూ. అదే రోజు కమిటీకి కూడా చూపిస్తాను. మీరు ఒక్కసారి చూసి సరేనంటే చాలు."

"ఉంచమ్మా, చూస్తాను."

ఆ నాలుగు రోజులూ ఆ ఇంట్లో పెళ్ళి కళ వచ్చింది. సోమవారం మాస్టారు క్షవరం చేయించుకున్నారు. మంగళవారం నేను వెళ్ళేసరికి పేపరు అంచున ఏదో రాసుకుంటూ, నన్ను చూసి మడతపెట్టేశారు. తర్వాత చూస్తే అంచు నిండా కూర్మనాథి, కూర్మనాథి అని ఇంగ్లీషులో రాసి ఉంది, ఒక్కోచోట ఒక్కో రకంగా. బుధవారం అమ్మగారు కాఫీ ఇస్తూ, "మీ మాస్టారు ఆ కాగితాలు మొదటి పేజీ దాటలేదు నాయనా, దాన్నే తిరగేసి తిరగేసి చదువుతున్నారు" అన్నారు. మాస్టారు వినిపించనట్టు కాఫీ తాగారు. గవ్వ దూదిలోనే ఉంది.

గురువారం ఉదయం నేను వెళ్ళేసరికి ఆయన వరండాలో బల్ల ముందు కూర్చుని ఉన్నారు. కాగితాల మీద బొటనవేలు ఆనించి ఉంది. సరిగ్గా తన పేరు మీద. రెండో చేతిలో గవ్వ. గోటితో గీసి చప్పుడు విన్నారు. మళ్ళీ గీశారు. తర్వాత లేచి లోపలికి వెళ్ళి, బీరువా అడుగు అర లాగి, చాలాసేపు వెతికి, అగ్గిపెట్టె ఒకటి చొక్కా జేబులో వేసుకుని వచ్చారు. ఏమిటని అడిగితే "నా మతిమరుపు" అన్నారు.

హైమ పదింటికి వచ్చింది. మాస్టారు ఆమెను కూర్చోమని కూడా అనలేదు.

"ఇది వలలో పడకముందు ఎక్కడుందమ్మా?"

"సముద్రంలో."

"అంతకు ముందు?"

"సముద్రంలోనే మాస్టారూ. ఇంకెక్కడుంటుంది?" అంది హైమ. ఆయన గవ్వను వెలుతురుకి ఎత్తి ఇంకోసారి తిప్పి చూశారు. అది చూసి ఆమె మొహం వాడిపోయింది. నాలుగేళ్ళ కష్టం ఆ బల్ల మీద ఉంది మరి. గొంతు కొంచెం లేచింది. "నేను ఎవరో చెప్తే విని రాయలేదు. నీళ్ళలోంచి పైకి రావడం ఈ కళ్ళతో చూశాను. కళ్ళారా చూసింది కూడా నమ్మకూడదంటే, ఇక మనిషి దేన్ని నమ్మాలి మాస్టారూ?"

మంచి ప్రశ్న. నేనైతే దానికి గంటసేపు ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. మాస్టారు బీరువాలోంచి ఇంకో పది శంకులు తీసి పళ్ళెంలో పోసి, హైమ గవ్వను కూడా వాటిలో కలిపేసి, "పరదేశీ, చెప్పులేసుకో" అన్నారు.

బీచి రోడ్డు చివర తాటాకు పాకలో అప్పయ్యమ్మ అని ఒకామె ఉంటుంది. గవ్వలతో గుమ్మం తెరలూ, దీపాల బుట్టలూ, తాళంచెవుల గొలుసులూ చేస్తుంది. అరవై ఏళ్ళుంటాయి. గవ్వల తోలు తీయడానికి వాడే యాసిడ్ తగిలి తగిలి వేళ్ళ కొసలు నున్నగా అరిగిపోయాయి. మేం వెళ్ళేసరికి మోటారు చక్రం మీద ఒక గవ్వను మెరుగుపెడుతోంది. చక్రం ఆపి, పీటలు వాల్చింది.

"రండి మేస్టారు. ఏటిలాగొచ్చినారు?"

"వీటిలో నువ్వెరిగినవి ఏమైనా ఉన్నాయేమో చూడు అప్పయ్యమ్మా" అని పళ్ళెం ఆమె ముందు పెట్టారు మాస్టారు.

ఆవిడ ఒక్కొక్కటీ తీసి వేళ్ళ మధ్య తిప్పుతూ పక్కన పెట్టడం మొదలుపెట్టింది. సగం వాటి వంక చూడను కూడా చూడలేదు. "ఇది పైపొర తీసి రుద్దితే పసుపొస్తాది. ఇది ఊదా. ఇదీ ఊదాయే గానీ, ఎక్కువ ముంచితే నల్లబడిపోతాది. ఇది ఎంత రుద్దినా సుద్దే, దీనికి సేసిన చాకిరీ దండగ." మాస్టారి బీరువాలో ఆ గవ్వలకి ఇంతింత పొడుగు పేర్లున్నాయి. ఆవిడకి మాత్రం ప్రతిదానికీ లోపలి రంగు తెలుసు.

ఎనిమిదోదో తొమ్మిదోదో హైమ గవ్వ. దాన్ని తీయగానే అప్పయ్యమ్మ చెయ్యి ఆగిపోయింది. నోటి అంచు మీద బొటనవేలు పెట్టి ఒకసారి రాసి, తలెత్తి మా ముగ్గురినీ చూసింది.

"ఇదెక్కడిది మీకాడ?"

"వలలో పడిందమ్మా. నా కళ్ళముందే పడింది" అంది హైమ.

"వల్లో పడితే మాత్రం తెచ్చీసుకుంటారేటి? ఇది నాను గంగమ్మకి ఇచ్చుకున్నది."

హైమకి అర్థం కాలేదు. నాకూ కాలేదు. అప్పయ్యమ్మ కోపం మీద ఉంది గనక కొంచెం ఆగి, మంచినీళ్ళు తాగి చెప్పింది. వాళ్ళమ్మ నాటినుంచీ వాళ్ళింట్లో ఒక మొక్కు ఉంది. వేసవిలో వేట ఆపి, మళ్ళీ పడవలు కదిలిన రోజున, ఆ ఏడాది మెరుగుపెట్టిన గవ్వల్లో మొదటిదాన్ని సముద్రానికి ఇచ్చుకోవాలి. ఒడ్డున పారేస్తే కుదరదు, అలలు దాటాక లోతులో వదలాలి. ఆవిడ మేనల్లుడి పడవలో ప్రతి ఏడూ స్వయంగా వెళ్ళి వదిలివస్తుంది.

"ఈ గాట్లు సూడండి. ఆకురాయితో నానే గీసినాను. ఒకటి మాయమ్మకి, ఒకటి నాకు, ఒకటి నా కూతురికి. తల్లి గంగమ్మకి ఎవులిచ్చినారో తెలవాలి గదా మరి."

హైమ వ్యాసంలో ఆ మూడు పళ్ళ గురించి పేజీన్నర ఉంది. సమానమైన ఎడంతో ఉన్నాయనీ, ఎర గుల్లలోంచి జారిపోకుండా ఉపయోగపడతాయేమోననీ, ఈ జాతిని మిగతా శంకులన్నిటినుంచీ వేరుచేసే ముఖ్య లక్షణం ఇదేననీ రాసింది. ఊదా పట్టీల మీద ఇంకో పేజీ. అవి పైపొర కరిగించి రుద్దగా లోపలినుంచి బయటపడిన రంగు. సముద్రం అడుగున పొర్లి పొర్లి మెరుగు పోయేసరికి, అది పుట్టుకతో వచ్చిన ఒంటిరంగులాగే కనిపించింది. ఆ పిల్లది తప్పని నేననను. కారఖానాలో తయారైన గవ్వ సముద్రంలోంచి వస్తుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

హైమ కొంగుతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందనుకుని నేను ఏదో అనబోయాను, మాస్టారు చెయ్యి పట్టుకుని ఆపారు. ఏడుస్తూనే ఉంది, కానీ మధ్యలో భుజాలు కదలడం మొదలైంది. కొంగు తీసేసరికి కళ్ళలో నీళ్ళతో పడీ పడీ నవ్వుతోంది.

"ఎర జారిపోకుండా అని రాశాను మాస్టారూ" అంది.

"చదివానమ్మా. ఇవాళే చదివాను" అన్నారు ఆయన.

అప్పయ్యమ్మకి ఈ నవ్వెందుకో తెలియకపోయినా కోపం మాత్రం తగ్గింది. "నిరుడు మనవరాలు పుట్టినాది. ఈ ఏడు నాలుగు గాట్లు పెట్టినాను" అంది సంతోషంగా. నాలుగు పళ్ళ జాతి ఏ దేశపు పండితుడి వలలో పడుతుందో అని నాకు అప్పటినుంచీ దిగులుగా ఉంది.

అప్పుడు మాస్టారు చొక్కా జేబులోంచి ఆ అగ్గిపెట్టె తీశారు. అందులో పాతబడి వెలిసిపోయిన శంకు ఒకటి. అంచున రెండే పళ్ళు. అడుగున ఆయన అప్పటి దస్తూరీతో ఒక చీటీ. "తుఫాను మర్నాడు, ఒడ్డున. పేరు తెలియదు." నలభై ఏళ్ళుగా ఆ గవ్వకి పేరు పెట్టకుండా అడుగు అరలో ఉంచి, అలాంటిదే ఇంకోటి చేతికి వచ్చినప్పుడు నాలుగు రోజులపాటు మరిచిపోయారు మహానుభావుడు.

అప్పయ్యమ్మ దాన్ని అందుకుని అంచు తడిమింది. మళ్ళీ తడిమింది. "ఇది మాయమ్మ సెయ్యి" అంది మెల్లగా. "అప్పటికి నా కూతురు పుట్టనేదు. ఆయమ్మా, నానూ, ఇద్దరమే." గవ్వను కళ్ళకి అద్దుకుని చాలాసేపు అలాగే ఉంచింది. వాళ్ళమ్మ పోయి ఇరవై ఏళ్ళట. ఫొటో కూడా లేదట.

"అది నీదేనమ్మా, ఉంచుకో" అన్నారు మాస్టారు.

"మరి అది కూడా గంగమ్మకి ఇచ్చిందే గదా?" అంది హైమ. పరిశోధన చేసేవాళ్ళ బుద్ధి ఎక్కడికి పోతుంది.

"ఇది ఒడ్డుకొచ్చినాది. గంగమ్మే ఇచ్చినాది. నువ్వు తెచ్చింది వలేసి లాక్కున్నది" అంది అప్పయ్యమ్మ, ఇంతకన్నా తేలిక లెక్క లోకంలో లేదన్నట్టు.

హైమ వ్యాసాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుని, నోట్‌బుక్కు బయటికి తీసింది. పీట దగ్గరికి లాక్కుని, "అమ్మా, ఇందాక ఇది పసుపన్నావు, ఇది ఊదా అన్నావు. ఎప్పుడూ అంతేనా? ఒక్కసారి కూడా మారదా?" అని అడిగింది. "దీని లోపల పసుపుంటే పసుపే ఉంటాది, మారడానికి అదేటి, నా కోకా?" అంది అప్పయ్యమ్మ. అలా మొదలైన మాట మధ్యాహ్నం దాకా సాగింది. తొందరపడి ముందే చెప్పేస్తున్నాను, కమిటీవాళ్ళు ఆ నోట్‌బుక్కు చూసి ఆర్నెల్లు గడువిచ్చారు. పైబొమ్మ అరిగిపోయిన శంకులను లోపలి రంగుతో గుర్తుపట్టడం మీద హైమ ఇప్పుడు రాస్తోంది. పై పేజీలో మాస్టారి పేరు లేదు. అప్పయ్యమ్మ పేరుంది.

కానీ ఆ రోజు ఇంకో పని మిగిలింది. అప్పయ్యమ్మ ఇచ్చుకున్నది మళ్ళీ సముద్రానికి చేరాలి. మేనల్లుడి పడవ ఒంటిగంటకి బయల్దేరుతుంటే హైమ కూడా ఎక్కింది. మాస్టారూ నేనూ ఇసుకలో గొడుగు కింద నిలబడ్డాం. పడవ అలలు దాటి, చిన్నదై, ఆగింది. హైమ చెయ్యి చాచడం కనబడింది. ఆ దూరానికి గవ్వ కనబడలేదు.

తిరిగి వచ్చేసరికి మోకాళ్ళదాకా తడిసిపోయి, జుట్టంతా రేగిపోయి ఉంది. ఆకలేస్తోందంది. కమిటీ ఉత్తరం వచ్చాక ఆ పిల్ల నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. నాలుగడుగులు నడిచి ఆగింది.

"కళ్ళారా చూసింది నమ్మకూడదా అని అడిగాను మాస్టారూ. మీరు జవాబు చెప్పలేదు."

మాస్టారు గొడుగు ఆమె వైపు వంచారు.

"అది పైకి రావడం నువ్వు చూశావు. కిందికి పోవడం అప్పయ్యమ్మ చూసింది. రెండూ నిజమేనమ్మా. నాలుగు రోజులు ఇంట్లో పెట్టుకుని నేను మాత్రం నా పేరు చూసుకుంటూ కూర్చున్నాను."